బేరమాడే హక్కు లేని ప్రతినిధులు: ఇంగ్లండ్‌లో ప్రాంతీయ సంరక్షణ సంఘాల నాయకత్వం

ఇంగ్లండ్‌లో పద్దెనిమిదేళ్లు దాటినవారు వృద్ధాప్యం వల్లనో, దీర్ఘవ్యాధి వల్లనో, శారీరక లేదా మానసిక వైకల్యం వల్లనో రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేని స్థితికి వచ్చినప్పుడు స్నానం, భోజనం, మందులు, నడక, తోడు వంటి విషయాల్లో వారికి అందే సహాయాన్నంతా కలిపి వయోజన సామాజిక సంరక్షణగా వ్యవహరిస్తారు. జాతీయ ఆరోగ్య సేవ అందించే వైద్యం అందరికీ ఉచితం కాగా ఈ సంరక్షణ అలా ఉచితం కాదు; లెక్కలోకి వచ్చే ఆస్తి 23,250 పౌండ్లకు మించినవారు సాధారణంగా ఖర్చంతా తామే భరించాలి, అంతకు తక్కువ ఉన్నవారికి ఆ ప్రాంతపు కౌన్సిల్ తోడ్పడుతుంది. ఈ బాధ్యత మోస్తున్న కౌన్సిళ్లు 153 ఉండగా సంరక్షణను అందించే సంస్థలు దాదాపు 18 వేలు ఉన్నాయి; వాటిలో అత్యధికం ప్రైవేటు యాజమాన్యాలు, తక్కినవాటిలో చాలావరకు ధార్మిక సంస్థలు. ప్రభుత్వానికి చెందని ఈ రెండు తెగలను కలిపి స్వతంత్ర రంగం అంటారు. ఈ రంగంలోని నిర్వాహకులు కౌంటీ స్థాయిలోనో, కొన్ని కౌంటీలు కలిసిన ప్రాంత స్థాయిలోనో ఏర్పరచుకున్న సంఘాలకు నాయకత్వం వహించేవారి అధికారం ఎక్కడి నుంచి వస్తుంది, అది దేనికి పనికివస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నవి ఈ సమీక్ష పరిశీలించే ప్రశ్నలు.

కొనేవారు ఒక్కరు, అమ్మేవారు వేలమంది

ఈ సంఘాల పుట్టుకకు కారణం సంరక్షణ రంగంలో డబ్బు ప్రవహించిన దారిలోనే ఉంది. 1948 నాటి జాతీయ సహాయ చట్టం వృద్ధులకు వసతి కల్పించే బాధ్యతను కౌన్సిళ్లపై ఉంచింది, అప్పట్లో వసతి గృహాలను చాలావరకు కౌన్సిళ్లే నడిపేవి. 1980లలో పరిస్థితి తలకిందులైంది: తక్కువ ఆదాయం ఉన్నవారు ప్రైవేటు గృహంలో చేరితే, వారికి నిజంగా ఆ అవసరం ఉందో లేదో ఎవరూ పరీక్షించకుండానే, కేంద్ర ప్రభుత్వపు సామాజిక భద్రతా నిధి ఫీజు చెల్లించసాగింది. 1979లో సుమారు కోటి పౌండ్లుగా ఉన్న ఈ ఖర్చు దశాబ్దం తిరిగేసరికి నూరు కోట్ల పౌండ్లు దాటింది. ఆ డబ్బు ఆధారంగా నర్సులు, చిన్న వ్యాపారులు, దంపతులు పెద్ద ఇళ్లను కొని కేర్ హోమ్‌లుగా మార్చారు. ఈ ఖర్చుకు కళ్లెం వేయడానికి సెయిన్స్‌బరీ సూపర్‌మార్కెట్ సంస్థ ఉన్నతాధికారి రాయ్ గ్రిఫిత్స్ 1988లో ఇచ్చిన నివేదిక, దాని ఆధారంగా వచ్చిన 1990 నాటి జాతీయ ఆరోగ్య సేవ, సముదాయ సంరక్షణ చట్టం ఆ నిధిని కౌన్సిళ్ల చేతికి మార్చాయి. 1993 ఏప్రిల్ నుంచి అమలైన ఈ మార్పులో, సామాజిక భద్రతా నిధి నుంచి బదిలీ అయిన సొమ్ములో 85 శాతాన్ని స్వతంత్ర రంగంలోనే ఖర్చు చేయాలన్న షరతు కూడా ఉంది.

దీని ఫలితంగా ప్రతి ప్రాంతంలోనూ ఒకే పెద్ద కొనుగోలుదారు, అనేకమంది చిన్న అమ్మకందారులు ఉన్న విపణి ఏర్పడింది. ఇరవై ముప్ఫై పడకల గృహం నడిపే యజమానికి కౌన్సిల్ ప్రకటించిన వారపు ఫీజును ఒప్పుకోవడమో, కౌన్సిల్ పంపేవారిని వదులుకోవడమో తప్ప మూడో దారి దాదాపు ఉండదు. ఆ ఒంటరితనానికి జవాబుగానే సంఘాలు బలపడ్డాయి గనుక వాటి నుంచి సభ్యులు ఆశించినది మొదటి నుంచీ ఒక్కటే, మెరుగైన ఫీజు. చట్టం మాత్రం సరిగ్గా ఆ పనినే నాయకుల చేతికి పూర్తిగా ఇవ్వలేదు.

సంఘాల స్వరూపం

ప్రాంతీయ సంఘాలకు ఒకే నమూనా లేదు. సర్రే, లింకన్‌షైర్, ఆక్స్‌ఫర్డ్‌షైర్ వంటి చోట్ల కౌంటీ పేరుతో సంఘాలు ఉన్నాయి. యార్క్, ఉత్తర యార్క్‌షైర్ ప్రాంతానికి ఇండిపెండెంట్ కేర్ గ్రూప్, పశ్చిమ మిడ్‌లాండ్స్‌కు ఆ ప్రాంతం పేరుతోనే ఒక సంఘం పనిచేస్తున్నాయి. హెర్ట్‌ఫర్డ్‌షైర్ సంఘం వంటివి సిబ్బంది శిక్షణలో కౌంటీ కౌన్సిల్‌తో కలిసి పనిచేసే స్థాయికి ఎదిగాయి. ఈ స్థానిక సంఘాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి కేర్ అసోసియేషన్ అలయన్స్ అనే వేదిక ఉంది. వీటికి భిన్నంగా కేర్ ఇంగ్లండ్, లాభాపేక్ష లేని సంస్థల నేషనల్ కేర్ ఫోరమ్, ఇంటికి వెళ్లి సేవ చేసే సంస్థల హోమ్‌కేర్ అసోసియేషన్ జాతీయ స్థాయిలో నేరుగా సభ్యులను చేర్చుకుంటాయి. జాతీయ సంఘాలు మంత్రిత్వ శాఖతో మాట్లాడతాయి. ఫీజు, ఒప్పందపు షరతులు, ఆసుపత్రి నుంచి రోగిని గృహానికి పంపే పద్ధతి వంటివి కౌన్సిల్ స్థాయిలో తేలేవి గనుక వాటి భారం ప్రాంతీయ నాయకులపై పడుతుంది.

సంఘంలో చేరడం ఐచ్ఛికం. చందా కట్టనివారు కూడా సంఘం సాధించిన ఫీజు పెంపును అనుభవిస్తారు గనుక, కట్టేవారికి మాత్రమే అందే సేవలు కొన్ని ఉంటే తప్ప చందా నిలవదు. శిక్షణ, సిబ్బంది పూర్వ నేర చరిత్ర తనిఖీ, ఉద్యోగ చట్టంపై సలహా, కేర్ క్వాలిటీ కమిషన్ తనిఖీకి సిద్ధపడేందుకు సహాయం వంటివి అలా పుట్టిన సేవలే. 2009 నుంచి పనిచేస్తున్న ఈ కమిషన్ ఇంగ్లండ్‌లో సంరక్షణ సంస్థలను నమోదు చేసుకుని, తనిఖీ చేసి, శ్రేణి ప్రకటించే నియంత్రణ సంస్థ. అది ఇచ్చే శ్రేణిపై గృహం మంచిపేరే కాదు, కొన్నిచోట్ల బ్యాంకు అప్పు కూడా ఆధారపడుతుంది.

ఫీజు, చట్టం, న్యాయస్థానం

పోటీదారులైన సంస్థలు కలిసి ధర నిర్ణయించుకోవడాన్ని 1998 నాటి పోటీ చట్టం నిషేధించింది, వృత్తి సంఘాల నిర్ణయాలకు కూడా ఆ నిషేధం వర్తిస్తుంది. కాబట్టి సభ్యులందరూ ఫలానా మొత్తానికి తక్కువైతే ఒప్పుకోరాదని గాని, ఫలానా కౌన్సిల్ పంపేవారిని చేర్చుకోరాదని గాని సంఘ నాయకులు పిలుపునిస్తే అది చట్టవిరుద్ధం కావచ్చు. ఖర్చుల సగటులను సేకరించి ప్రచురించడం, కౌన్సిల్ సంప్రదింపులో అందరి తరఫున వాదన వినిపించడం, ప్రభుత్వ నిర్ణయాన్ని కోర్టులో సవాలు చేయడం చట్టం వారికి వదిలిన దారులు. గంట సేవకు అయ్యే వేతనం, ప్రయాణ సమయం, సెలవు, పింఛను, నిర్వహణ వ్యయాలను విడివిడిగా చూపిస్తూ హోమ్‌కేర్ అసోసియేషన్ ఏటా ప్రచురించే కనీస ధర గణన రెండో దారికి బలమిచ్చే సాధనం.

2010 తరువాత కేంద్ర ప్రభుత్వం కౌన్సిళ్ల నిధులను కోసినప్పుడు మూడో దారి రద్దీ అయింది. ఫీజులను పెంచకుండా అట్టే పెట్టాలని సెఫ్టన్ కౌన్సిల్ తీసుకున్న నిర్ణయాన్ని అక్కడి సంరక్షణ సంఘం 2011లో హైకోర్టులో సవాలు చేసి గెలిచింది. నిర్వాహకుల వాస్తవ ఖర్చును తగినట్లు పట్టించుకోకపోవడం, సరైన సంప్రదింపులు జరపకపోవడం ఆ కేసులో కౌన్సిల్‌కు అడ్డుపడ్డాయి. 2014లో టార్బే కౌన్సిల్ ఫీజు లెక్కింపు పద్ధతిపై కూడా నిర్వాహకుల వేదికదే పైచేయి అయింది. అయితే నార్తంబర్లండ్ కేసులో 2013లో అప్పీలు కోర్టు, వాస్తవ ఖర్చును ఫలానా గణిత పద్ధతిలోనే తేల్చాలన్న నిబంధన లేదని, ఎంత లోతుగా విచారించాలన్నది ప్రధానంగా కౌన్సిల్ విచక్షణకు చెందినదని చెప్పి నిర్వాహకుల వాదనను తోసిపుచ్చింది. ఈ తీర్పులను పక్కపక్కన పెట్టి చూస్తే కౌన్సిల్ నిర్ణయించిన పద్ధతిని న్యాయస్థానం సరిదిద్దగలదు గాని ధరను తాను నిర్ణయించదని తేలుతుంది. గెలిచిన సంఘం కూడా మళ్లీ అదే కౌన్సిల్ ముందు, అదే ప్రశ్నతో, మరింత బెడిసిన సంబంధాలతో కూర్చోవలసిందే గనుక దావా వేయాలా వద్దా అన్నది న్యాయవాది కంటే నాయకులు తూచుకోవలసిన విషయం.

2015 ఏప్రిల్ నుంచి అమలైన 2014 నాటి కేర్ చట్టం ఐదో సెక్షను, తమ ప్రాంతంలో సంరక్షణ విపణి సమర్థంగా, నిలకడగా పనిచేసేలా చూసే బాధ్యతను కౌన్సిళ్లపై పెట్టి వాదనకు కొత్త ఆధారం ఇచ్చింది. ఆ బాధ్యత ఎంతవరకు నెరవేరిందో పోటీ, విపణుల ప్రాధికార సంస్థ 2017 నవంబరు నివేదిక చూపింది: సొంత డబ్బుతో ఉండేవారు వారానికి సగటున 846 పౌండ్లు కడుతుండగా కౌన్సిళ్లు 621 పౌండ్లే కడుతున్నాయి, కౌన్సిళ్లు పూర్తి ఖర్చు చెల్లించాలంటే ఏటా సుమారు నూరు కోట్ల పౌండ్లు అదనంగా కావాలి. ఒక వర్గపు నివాసుల ఫీజు మరో వర్గపు లోటును పూడుస్తోందని సంఘాలు ఏళ్లుగా చెబుతున్న మాటకు ప్రభుత్వ సంస్థ ముద్ర పడింది. 2022లో ప్రభుత్వం ప్రతి కౌన్సిల్ చేతా జరిపించిన సముచిత సంరక్షణ వ్యయ గణనలో నిర్వాహకులు తమ ఖాతాల వివరాలు ఇవ్వవలసి వచ్చినప్పుడు సంఘాల పాత్ర స్పష్టంగా కనిపించింది. రహస్యాలు బయటపడతాయని వెనుకాడిన చిన్న యజమానులను ఒప్పించి, లెక్కల పత్రాలు నింపించి, తగినన్ని స్పందనలు రాబట్టిన ప్రాంతాల్లో గణనకు విశ్వసనీయత వచ్చింది. గణన ఆధారంగా రావలసిన సంస్కరణ, అంటే జీవితకాలపు సంరక్షణ ఖర్చుపై పరిమితి, 2022 నవంబరులో వాయిదా పడి 2024 జూలైలో రద్దయింది. సంస్కరణ పోయినా ప్రాంతాలవారీ ఖర్చుల పట్టిక మిగిలింది. దాన్ని తరువాతి ఏడాది చర్చలోకి లాగగలిగిన నాయకులకు అది ఆయుధమే.

యజమాని అధ్యక్షులు, జీతపు కార్యనిర్వాహకులు

సంఘాలను నడిపేవారిలో రెండు తరహాలు కనిపిస్తాయి. మొదటి తరహావారు తామే గృహాలు నడుపుతూ సంఘానికి అధ్యక్షత వహిస్తారు. స్కార్‌బరో ప్రాంతంలో సంరక్షణ సంస్థ నడుపుతూ ఇండిపెండెంట్ కేర్ గ్రూప్ అధ్యక్షులుగా పత్రికల్లో తరచూ మాట్లాడే మైక్ పాడ్గమ్ ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. రాత్రి డ్యూటీకి మనిషి రాకపోతే ఏమవుతుందో, విద్యుత్ బిల్లు పెరిగితే ఎంత మిగులుతుందో స్వయంగా తెలిసినవారు కావడం వల్ల వారి మాటకు సభ్యుల్లోనూ ప్రసార మాధ్యమాల్లోనూ బరువుంటుంది. అదే సమయంలో వారు చర్చించే ఫీజు వారి సొంత ఆదాయం కూడా కావడం వల్ల కౌన్సిల్ అధికారులు ఆ మాటను స్వప్రయోజనంగా కొట్టిపారేయడం తేలిక. ఇతర సభ్యుల ఖాతాలను చూసే అవకాశం పోటీదారు చేతికి వస్తుందన్న అనుమానానికీ తావుంటుంది.

రెండో తరహావారు సంఘం జీతం ఇచ్చి నియమించుకున్న కార్యనిర్వాహకులు. వారికి సొంత గృహం లేదు గనుక సభ్యుల లెక్కలు వారి చేతిలో భద్రంగా ఉంటాయన్న నమ్మకం ఉంటుంది, సమావేశాలకు, పత్రాలకు, అధికారులతో సంబంధాలకు వెచ్చించే సమయమూ ఉంటుంది. కాని ఆ జీతం చందాల నుంచో కౌన్సిల్ కాంట్రాక్టు నుంచో రావాలి, వృత్తి అనుభవం పాతబడితే సభ్యులకు వారు మరో అధికారిలా కనిపించే ప్రమాదమూ ఉంది. యజమానులతో కూడిన పాలకమండలి, సొంత గృహం లేని కార్యనిర్వాహకులు, సభ్యుల ఖర్చు వివరాలు ఎవరి కంటా పడకుండా బయటి లెక్కల సంస్థ ద్వారా సేకరించే ఏర్పాటు కలిసిన చోట ఈ రెండు తరహాల లోపాలూ కొంత పూడతాయి.

ఎవరు నాయకులైనా సభ్యుల మధ్య ఉన్న తేడాలు పోవు. వందల పడకలున్న జాతీయ సంస్థకు, ఒకే గృహం నడిపే కుటుంబానికి, ధార్మిక సంస్థకు ఆసక్తులు ఒకటి కావు. వృద్ధుల గృహాలకు వారపు ఫీజు ముఖ్యం. ఇంటింటికి తిరిగే సేవకు గంట ధర, కేటాయించిన నిమిషాలు, ప్రయాణ దూరం ముఖ్యం. మేధో వైకల్యం ఉన్నవారికి సొంత ఇంట్లో తోడ్పాటునిచ్చే సంస్థలకు రాత్రి అక్కడే నిద్రించే డ్యూటీకి ఇచ్చే వేతనం ముఖ్యం. సుమారు 750 గృహాల్లో 31 వేలమంది నివాసులున్న సదర్న్ క్రాస్ సంస్థ 2011లో కూలినప్పుడు పెద్ద సంస్థల ఆర్థిక నిర్మాణమే వేరని అందరికీ అర్థమైంది. దాని తరువాత కేర్ చట్టం పెద్ద సంస్థల ఆర్థిక స్థితిని గమనించే పనిని కేర్ క్వాలిటీ కమిషన్‌కు అప్పగించింది. చిన్న సంస్థలకు అలాంటి జాతీయ గమనింపు లేదు. వాటిలో ఏది కుంటుతోందో అందరికంటే ముందు తెలిసేది తరచు ప్రాంతీయ సంఘానికే, ఆ సమాచారాన్ని గోప్యతకు భంగం రాకుండా కౌన్సిల్‌కు హెచ్చరికగా మార్చడం నాయకత్వపు సున్నితమైన పనుల్లో ఒకటి.

కౌన్సిల్ డబ్బు, సంఘం గొంతు

చందాలు చాలని చోట సంఘాలు శిక్షణ, నియామక ప్రచారం, సిబ్బంది ఆరోగ్య కార్యక్రమాలు వంటి పనులకు కౌన్సిల్ నుంచో స్థానిక ఆరోగ్య సేవా విభాగం నుంచో కాంట్రాక్టులు తీసుకుంటాయి. ఫీజు విషయంలో నిలదీయవలసిన సంస్థే జీతాలకు డబ్బిస్తే గొంతు తగ్గుతుందని ఒక వాదన; కాంట్రాక్టు వల్ల ప్రతివారం అధికారులతో కూర్చునే అవకాశం వస్తుంది, అవసరమైన మాట అక్కడ చెవిన పడుతుందని మరో వాదన. రెండింటిలోనూ నిజముంది. డబ్బు తీసుకోవడం కంటే దాన్ని ఎలా తీసుకున్నారన్నదే ఇక్కడ తేడా తెస్తుంది: సేవా విభాగం ఖాతాలు, ప్రాతినిధ్య విభాగం ఖాతాలు వేరుగా ఉండి, ఏ కాంట్రాక్టు ఎంతన్నది సభ్యులకు ఏటా తెలిసి, కాంట్రాక్టు పోయినా ప్రాతినిధ్యపు పని చందాలతోనే నిలిచేలా ఉన్న సంఘం గట్టిగా మాట్లాడగలుగుతుంది. ఆ విభజన లేని సంఘం నాయకులు ఎంత ధైర్యవంతులైనా వారి మౌనాన్ని సభ్యులు అనుమానిస్తారు.

రెండు పరీక్షలు: మహమ్మారి, వలస కార్మికులు

మొదటి పరీక్ష కోవిడ్ మహమ్మారి. 2020 మార్చి 19న వెలువడిన ప్రభుత్వ మార్గదర్శకం ఆసుపత్రి పడకలను ఖాళీ చేయించి వేలమందిని గృహాలకు పంపింది. లక్షణాలు లేనివారి నుంచి వ్యాధి సోకే ప్రమాదాన్ని ఆ విధానం పట్టించుకోకపోవడం చట్టవిరుద్ధమని 2022 ఏప్రిల్‌లో హైకోర్టు తీర్పు చెప్పింది. తరచు మారే సూచనలను చిన్న గృహాలకు అర్థమయ్యే మాటల్లోకి మార్చడం, మాస్కులు, చేతి తొడుగులు ఎక్కడ దొరుకుతాయో వెదికిపెట్టడం, ఆసుపత్రి అధికారులతో రోజువారీ మాట్లాడటం ఆ నెలల్లో ప్రాంతీయ నాయకుల పనైంది. 2020 మేలో ప్రకటించిన 60 కోట్ల పౌండ్ల సంక్రమణ నివారణ నిధిలో 75 శాతాన్ని పడకల లెక్కన నేరుగా గృహాలకు అందించాలన్న షరతు ఉండటం వల్ల, ఆ డబ్బు కౌన్సిల్ దగ్గర ఆలస్యం కాకుండా చూడటం కూడా అందులో చేరింది. అంతవరకు సంఘం ఉనికినే పట్టించుకోని ఆరోగ్య అధికారులు వందల గృహాలకు ఒకే పిలుపుతో కబురు చేర్చగల యంత్రాంగంగా దాన్ని గుర్తించారు. కేర్ హోమ్ సిబ్బందికి 2021 నవంబరు 11 నుంచి తప్పనిసరి చేసిన టీకా నిబంధన 2022 మార్చిలో రద్దయ్యేలోపు, టీకాను సమర్థిస్తూనే సిబ్బంది నష్టాన్ని గురించి హెచ్చరించవలసిన ఇరకాటాన్ని కూడా నాయకులు ఎదుర్కొన్నారు.

రెండో పరీక్ష మనుషుల కొరత. 2021-22లో ఈ రంగంలో 1,65,000 ఉద్యోగాలు, అంటే 10.7 శాతం, ఖాళీగా ఉన్నాయి. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్ ఉద్యోగాన్ని ఆరోగ్య, సంరక్షణ వీసా పరిధిలోకి తెచ్చాక భారతదేశం, నైజీరియా, జింబాబ్వేల నుంచి పెద్ద సంఖ్యలో కార్మికులు వచ్చారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వెళ్లినవారు, చదువు వీసా నుంచి ఈ వీసాకు మారిన తెలుగు యువత కూడా వారిలో ఉన్నారు. 2023-24 నాటికి ఖాళీలు 1,31,000కు తగ్గాయి గాని, ఏజెంట్లకు అప్పుచేసి డబ్బు కట్టి వచ్చి చెప్పిన పని గంటలు దొరకనివారు, వీసాకు పూచీపడిన స్పాన్సర్ సంస్థ లైసెన్సు రద్దయి నడిరోడ్డున పడ్డవారు పెరిగారు. నైతిక నియామకానికి ప్రభుత్వం 2023-24లో ప్రాంతీయ భాగస్వామ్యాలకు 1.5 కోట్ల పౌండ్లు ఇచ్చింది; అలా పని కోల్పోయినవారిని వేరే సంస్థల్లో కుదర్చే పని కూడా తరువాత వాటికి చేరింది. ఇక్కడ సంఘాల నాయకత్వానికి ఎదురైన ప్రశ్న ఇబ్బందికరమైనది: దోపిడీ చేసిన స్పాన్సర్లలో సంరక్షణ సంస్థలే ఉన్నప్పుడు సంఘం ఎవరి పక్షం? సభ్యుల తప్పును దాచే సంఘం ప్రభుత్వం ముందు మొత్తం రంగపు మాటను చులకన చేస్తుంది. 2024 మార్చి 11 నుంచి కుటుంబ సభ్యులను తీసుకురావడంపై నిషేధం, 2025 జూలై 22 నుంచి విదేశీ కేర్ వర్కర్ల కొత్త నియామకం మూత పడటం వచ్చినప్పుడు సంఘాల అభ్యంతరాలు పెద్దగా ఫలించకపోవడానికి ఆ చులకన కూడా కొంత కారణమని భావించవచ్చు.

ఆసనం ఎక్కడ

2022 నాటి ఆరోగ్య, సంరక్షణ చట్టం కింద ఇంగ్లండ్‌లో తొలుత 42 సమీకృత సంరక్షణ మండళ్లు ఏర్పడ్డాయి. మండలిలో ఆసుపత్రులకు, కుటుంబ వైద్యులకు, కౌన్సిళ్లకు చట్టం ఆసనాలు ఇచ్చింది. సంరక్షణ సంస్థలకు ఇవ్వలేదు. మండలి, కౌన్సిళ్లు కలిసి ఏర్పరచే విశాల భాగస్వామ్య సమితిలో వాటిని కలుపుకోవాలని మార్గదర్శకం సూచిస్తుంది గాని అది హక్కు కాదు. అక్కడ కూర్చునే ప్రాంతీయ నాయకులు వందల సంస్థల తరఫున మాట్లాడవలసి వస్తుంది, వాటిలో చాలా సంస్థలు ఏ సంఘంలోనూ సభ్యులు కావు.

స్కాట్లండ్ భిన్నమైన దారి తొక్కింది. అక్కడి కౌన్సిళ్ల సమాఖ్యకు, నిర్వాహకుల జాతీయ సంఘమైన స్కాటిష్ కేర్‌కు మధ్య జాతీయ కేర్ హోమ్ ఒప్పందం చర్చల ద్వారా కుదురుతుంది. కౌన్సిల్ నిధులతో ఉండే వృద్ధుల ఫీజు చాలావరకు దాని ఆధారంగానే నిర్ణయమవుతుంది. 2011 నుంచి నాలుగేళ్లపాటు నడిచిన దాదాపు 30 కోట్ల పౌండ్ల వృద్ధుల సంరక్షణ మార్పు నిధికి స్థానిక ప్రణాళికలపై కౌన్సిల్, ఆరోగ్య సేవ, స్వచ్ఛంద రంగాలతోపాటు స్వతంత్ర రంగపు సమ్మతి కూడా అవసరమైంది. ఆ అవసరమే ఒక్కో ప్రాంతంలో స్వతంత్ర రంగ ప్రతినిధులనే వృత్తి నాయకుల వరుసను సృష్టించింది. వేల్స్‌లో ఒప్పందం లేకపోయినా కేర్ ఫోరమ్ వేల్స్ 22 కౌన్సిళ్ల ఫీజులను పోల్చి పట్టికగా ప్రచురిస్తూ తక్కువ చెల్లించేవాటిని బహిరంగంగా ఎండగడుతుంది. స్కాట్లండ్ అనుభవంలో ప్రతికూలత లేకపోలేదు: ఏటా ఒప్పందం ముడిపడక చర్చలు సాగడం, జాతీయ ధర కొన్ని ప్రాంతాల ఖర్చుకు సరిపోకపోవడం అక్కడి ఫిర్యాదులు. అయినా మూడు దేశాలను కలిపి చూస్తే, నాయకుల వ్యక్తిగత సామర్థ్యం కంటే వారికి దొరికిన ఆసనపు స్వభావమే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించిందని కనిపిస్తుంది.

ముందున్న ప్రశ్న

2025 నాటి ఉద్యోగ హక్కుల చట్టం వయోజన సంరక్షణ రంగానికి ఒక వేతన సంప్రదింపుల మండలిని ఏర్పరచేందుకు దారి తెరిచింది. అందులో కార్మిక సంఘాలు ఒకవైపు, యజమానుల ప్రతినిధులు మరోవైపు కూర్చుని కుదుర్చుకునే ఒప్పందం రంగమంతటికీ చట్టబద్ధంగా వర్తిస్తుంది. తొలి ఒప్పందం 2028లో అమలు కావాలని ప్రభుత్వం ఉద్దేశించి, దానికి 50 కోట్ల పౌండ్లు కేటాయించింది. లూయీజ్ కేసీ అధ్యక్షతన సంరక్షణ రంగంపై నడుస్తున్న స్వతంత్ర విచారణ తుది నివేదిక కూడా 2028 నాటికే రావలసి ఉంది. దశాబ్దాలపాటు సభ్యులను దేనికీ బద్ధులను చేయలేని సంఘాల తరఫున కూర్చునేవారు ఇప్పుడు సభ్యులు కానివారిని కూడా బద్ధులను చేసే నిర్ణయంలో పాలుపంచుకోబోతున్నారు. ఖర్చులో అత్యధిక భాగం జీతాలే అయిన రంగంలో వేతనాన్ని మండలి నిర్ణయించి, ఫీజును మాత్రం 153 కౌన్సిళ్లు విడివిడిగా నిర్ణయిస్తే, మధ్యలో నలిగేది చిన్న నిర్వాహకులే. ఆ తేడాను ప్రాంతాలవారీ లెక్కలతో చూపగలిగేది ప్రాంతీయ సంఘాలే.

కాబట్టి ఈ నాయకత్వానికి రాబోయే కాలపు కర్తవ్యం ప్రధానంగా ఇంటిని చక్కదిద్దుకోవడం: తాము ఎన్ని సంస్థలకు, ఎన్ని పడకలకు, ఎన్ని సేవా గంటలకు ప్రతినిధులమో నిరూపించగల సభ్యత్వ జాబితా, చిన్నా పెద్దా సంస్థలకు, గృహాలకూ ఇంటివద్ద సేవకూ విడివిడి స్థానాలున్న పాలకమండలి, కాలపరిమితి ఉన్న పదవులు, కౌన్సిల్ డబ్బుపై బహిరంగ లెక్క, తప్పుచేసిన సభ్యులను తొలగించే నియమం. ఇవన్నీ ఆకర్షణ లేని పాలనా విషయాలుగా కనిపిస్తాయి. ధర శాసించే అధికారం లేని చోట సంఘానికి ఉన్న బలమంతా దాని అంకెలను, దాని ప్రాతినిధ్యాన్ని ఎదుటివారు నమ్మడంలోనే ఉంది గనుక, అంకెలను భద్రపరచి ప్రాతినిధ్యాన్ని నిరూపించుకున్న సంఘానికే కొత్త మండలిలో మాట చెల్లుతుంది. తక్కిన ప్రాంతాల నిర్వాహకుల తరఫున వేరెవరో మాట్లాడతారు.